అరిగినదాన్ని ఇంకా అరగదీస్తారెందుకు?

ప్రయోగశాలలో స్క్రూగేజితో సన్నని తీగ మందం కొలిపించిన ప్రతి ఏడూ ఎవరో ఒకరు ఒక ప్రశ్న వేస్తారు. "మాస్టారూ, మిల్లీమీటరే అంత చిన్నది కదా! అందులో నూరో వంతు ఎవరికి కావాలండీ? 1.24 వచ్చినా 1.27 వచ్చినా తీగ తీగే కదా!"

న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు వెతకడానికి ఈసారి మనం ఊహలోనే అమెరికా వెళ్లి, పాత కార్లను బాగుచేసే ఒక షెడ్డులోకి తొంగి చూద్దాం. అక్కడ 1969 నాటి కారు ఇంజనును విప్పి, బాగుచేసి, తిరిగి బిగిస్తున్నారనుకోండి. మనకొక వింత కనిపిస్తుంది. ఇంజనులోని సిలిండరు అరిగిపోయింది. పనివాడు దాన్ని యంత్రానికి ఎక్కించి ఇంకా అరగదీస్తున్నాడు! అరిగినదానికి అరగదీయడమే మందా? ఇదేమి వైద్యం?

కండలు తిరిగిన కార్లు

1964 మోడలుగా పాంటియాక్ కంపెనీ జి.టి.ఓ. అనే కారును అమెరికా మార్కెట్టులోకి తెచ్చింది. మధ్యరకం కారులో పెద్ద కారుకు పెట్టే ఇంజను పెట్టడమే దాని ప్రత్యేకత. బరువు తక్కువ, బలం ఎక్కువ. కాబట్టి కాలితో నొక్కగానే కారు ముందుకు దూకేది. ఇలాంటివాటికి 'మజిల్ కార్లు' అని పేరు వచ్చింది. మజిల్ అంటే కండరం. పది సంవత్సరాలు తిరగకుండానే వాటి జోరు తగ్గింది. పొగను అదుపుచేసే చట్టాలు, 1973లో వచ్చిన చమురు సంక్షోభం అందుకు ముఖ్య కారణాలు. ఆనాటి కార్లను ఈనాటికీ శ్రద్ధగా బాగుచేసి నడుపుకునేవారు చాలామంది ఉన్నారు.

మన ఉదాహరణకు 1969 నాటి షెవ్రొలే కమారో ఎస్.ఎస్. 350 అనే కారును తీసుకుందాం. దాని ఇంజనులో ఎనిమిది సిలిండర్లు ఉంటాయి. నాలుగేసి చొప్పున రెండు వరుసలుగా, 'వి' ఆకారంలో అమర్చి ఉంటాయి. అందుకే దీన్ని వి-8 ఇంజను అంటారు. ఒక్కొక్క సిలిండరు వ్యాసం 101.6 మి.మీ. అందులో పిస్టను పైనుంచి కిందికి కదిలే దూరం 88.4 మి.మీ.

పిస్టను కదిలే చోటు ఘనపరిమాణం మీరే కట్టవచ్చు. వ్యాసార్ధం 5.08 సెం.మీ., ఎత్తు 8.84 సెం.మీ.

3.14 × 5.08 × 5.08 × 8.84 = సుమారు 716 ఘ.సెం.మీ.

ఎనిమిది సిలిండర్లకు కలిపి దాదాపు 5,730 ఘ.సెం.మీ. దీన్ని ఘనపు అంగుళాల్లోకి మారిస్తే 350 వస్తుంది. కారు పేరులోని సంఖ్య అదే.

ఈ ఇంజను సామర్థ్యం 300 అశ్వసామర్థ్యాలని కంపెనీ ప్రకటించింది. ఒక అశ్వసామర్థ్యం 746 వాట్లు. అంటే దాదాపు 224 కిలోవాట్లు. కానీ ఒక మాట గుర్తుంచుకోవాలి. ఆ రోజుల్లో ఇంజనును కారులోంచి బయటపెట్టి, దాని శక్తిని తినే ఫ్యాను వంటి భాగాలు తగిలించకుండా కొలిచేవారు. 1972 నుంచి అన్నీ తగిలించి కొలవసాగారు. ఆ ఏడు చాలా ఇంజనుల సంఖ్య కాగితం మీద ఒక్కసారిగా పడిపోయింది. ఆ పతనంలో చాలా భాగం కొలిచే పద్ధతి మారినందువల్లనే. ఎలా కొలిచారో చెప్పకుండా ఎంత వచ్చిందో చెబితే ప్రయోజనం లేదన్నమాట.

సిలిండరు ఎలా అరుగుతుంది?

సిలిండరులో పెట్రోలు ఆవిరి, గాలి కలిసి మండుతాయి. ఆ వాయువులు పిస్టనును కిందికి తోస్తాయి. వాయువు పక్కనుంచి జారిపోకుండా పిస్టను చుట్టూ గాడుల్లో ఇనుప రింగులు ఉంటాయి. ఈ రింగులే సిలిండరు గోడను రాసుకుంటూ నిమిషానికి వేలసార్లు పైకీ కిందికీ తిరుగుతాయి. మధ్యలో పలుచని ఆయిలు పొర ఉన్నా ఏళ్లు గడిచేకొద్దీ గోడ అరుగుతుంది.

ఆ అరుగుదల అన్నిచోట్లా ఒకేలా ఉండదు. పిస్టను పైకొసకు చేరినప్పుడు క్షణకాలం ఆగి వెనుదిరుగుతుంది. వాయువుల ఒత్తిడి, వేడి ఎక్కువగా ఉండేది అక్కడే. ఆయిలు పొర పలచబడేదీ అక్కడే. కాబట్టి సిలిండరు పైభాగం ఎక్కువగా, కిందిభాగం తక్కువగా అరిగి, లోపలి రంధ్రం గరాటులా మారుతుంది. అంతేకాదు. పిస్టనును క్రాంకు షాఫ్టుతో కలిపే కనెక్టింగ్ రాడ్డు ఏటవాలుగా ఉన్నప్పుడు పిస్టనును పక్కకు నొక్కుతుంది. దానితో గుండ్రని రంధ్రం కొంచెం కోలగా తయారవుతుంది.

ఇలాంటి సిలిండరులో వాయువు రింగుల పక్కనుంచి కిందికి జారుతుంది, బలం తగ్గుతుంది. ఆయిలు పైకెక్కి మండుతుంది, నీలిరంగు పొగ వస్తుంది. మన ఊళ్లలో మెకానిక్కులు "బండి బోరుకొచ్చింది" అనేది దీన్నే. విజయవాడ ఆటోనగరులోని మెకానిక్కయినా, అమెరికా షెడ్డులోని మెకానిక్కయినా ఆ నీలిపొగ చూసి గ్రహించేది ఒక్కటే.

ఇక్కడ ఒక తేడా ఉంది. చాలా లారీ ఇంజనుల్లో సిలిండరు లోపల విడిగా తీసి మార్చగల లైనరు ఉంటుంది. అరిగితే పాతది లాగేసి కొత్తది దింపుతారు. మన కమారోకు ఆ సౌకర్యం లేదు. ఎనిమిది సిలిండర్లూ ఇంజను బ్లాకులో భాగంగానే పోత ఇనుముతో పోసినవి.

పెన్సిలు చెప్పే జవాబు

మీ పెన్సిలు మొన విరిగితే ఏం చేస్తారు? విరిగిన ముక్కను అతికించరు. ఇంకా చెక్కుతారు. పొడవు తగ్గుతుంది గాని, మొన తిరిగి వస్తుంది.

సిలిండరుకు చేసే వైద్యం కూడా ఇదే. గోడ నుంచి అరిగి ఆయిలులో కలిసిపోయిన ఇనుమును వెనక్కి తేలేం. పోయిన ఆకారాన్ని మాత్రం తేగలం. రంధ్రం అన్నిటికంటే వెడల్పుగా ఉన్న చోటుకు మించేటట్లు మొత్తం రంధ్రాన్ని పెద్దది చేస్తే, అది పైనుంచి కిందివరకు మళ్లీ గుండ్రంగా, ఒకే వెడల్పుతో తయారవుతుంది. ఆ కొత్త వ్యాసానికి సరిపోయే పెద్ద పిస్టను వేస్తారు. దీనికే 'ఓవర్‌సైజు పిస్టను' అని పేరు.

ఈ ఇంజనుకు తరచుగా వేసే ఓవర్‌సైజు అంగుళంలో వెయ్యింట 30 వంతులు, అంటే 0.76 మి.మీ. కొత్త వ్యాసం 102.36 మి.మీ. అవుతుంది. పైన చేసిన లెక్కనే కొత్త వ్యాసంతో చేయండి. మొత్తం ఘనపరిమాణం దాదాపు 5,817 ఘ.సెం.మీ. వస్తుంది. పెరిగింది 87 ఘ.సెం.మీ. ఒక్కొక్క సిలిండరుకు మిల్లీమీటరు కూడా పెరగకపోయినా, మొత్తం మీద పెరిగినది మన వీధుల్లో తిరిగే చిన్న మోటారు సైకిలు ఇంజనుకు దగ్గరగా వచ్చింది!

ఒక్క సిలిండరే ఎక్కువగా అరిగితే దాన్నొక్కదాన్నే పెద్దది చేయవచ్చుగా? చేయరు. ఎనిమిది పిస్టన్లూ ఒకే కొలతతో, ఒకే బరువుతో ఉంటేనే ఇంజను అదురు లేకుండా నడుస్తుంది. కాబట్టి అన్నిటికంటే ఎక్కువగా చెడిన సిలిండరు కొలతనుబట్టే మిగిలిన ఏడింటినీ తొలుస్తారు.

పెన్సిలును ఎంతకాలమని చెక్కగలం? సిలిండరు కూడా అంతే. గోడ వెనకనే ఇంజనును చల్లబరిచే నీళ్లు తిరుగుతుంటాయి. తొలిచినకొద్దీ గోడ పలచబడుతుంది. మరీ పలచబడితే వేడికి వంగుతుంది, పగులుతుంది. ఈ బ్లాకును వెయ్యింట 60 వంతుల అంగుళం, అంటే ఒకటిన్నర మిల్లీమీటరు దాటి సాధారణంగా తొలవరు. ఆ లోపుననే మహా అయితే రెండు మూడుసార్లు అవకాశం. 1969 కమారో బ్లాకు మీద ఆ కారు గుర్తింపు సంఖ్యలో కొంత భాగం ముద్రించి ఉంటుంది. వేరే బ్లాకు కొని తెచ్చినా అది ఆ కారుతో పుట్టినది కాదు. ఒక్క కొలత తప్పితే అర్ధ శతాబ్దం దాటిన బ్లాకు ఇనుప తుక్కులో చేరుతుంది. అందుకే తొలిచే ముందు ఎన్నో పరీక్షలు చేస్తారు.

తొలిచే ముందు

మొదటి పరీక్ష పగుళ్ల కోసం. కంటికి కనబడని పగులును ఎలా పట్టుకోవాలి? మీరు కాగితం కింద అయస్కాంతం పెట్టి, పైన ఇనుపరజను చల్లి బలరేఖలను చూశారు కదా! ఇక్కడా అదే సూత్రం. బ్లాకులో ఒక భాగాన్ని అయస్కాంతీకరించి ఇనుపరజను చల్లుతారు. పగులు ఉన్నచోట బలరేఖలు బయటికి పొంగుతాయి. రజను అక్కడ గీతలా పేరుకుంటుంది.

రెండవ పరీక్ష గోడ మందం కోసం. గోడ అవతలి వైపు చేయి దూరదు. కాబట్టి చెవికి వినబడని అతిధ్వనులను గోడలోకి పంపి, అవతలి తలాన్ని తాకి ప్రతిధ్వని తిరిగి వచ్చే కాలాన్ని కొలుస్తారు. ఇనుములో ధ్వని వేగం తెలుసు కనుక మందం తెలుస్తుంది. సముద్రపు లోతు కొలిచే పద్ధతి ఇదే కదా!

మూడవది వ్యాసాల కొలత. ప్రతి సిలిండరును పైన, మధ్య, కింద మూడు చోట్ల కొలుస్తారు. ప్రతిచోటా రెండు దిక్కుల్లో, ఒకదానికొకటి లంబంగా. సిలిండరుకు ఆరు చొప్పున ఎనిమిదింటికి 48 కొలతలు. పైకీ కిందికీ ఉన్న తేడా గరాటుతనాన్ని చెబుతుంది. అడ్డానికీ నిలువుకీ ఉన్న తేడా కోలతనాన్ని చెబుతుంది. పైకీ కిందికీ తేడా 0.13 మి.మీ. దాటితే ఇక తొలవక తప్పదని సాధారణంగా చెబుతారు. ఇది రెండు మూడు తలవెంట్రుకల మందం కంటే ఎక్కువ ఉండదు. నూరో వంతు ఎవరికి కావాలన్న ప్రశ్నకు ఇది మొదటి జవాబు.

తొలిచేటప్పుడు కూడా చివరి కొలత వరకు ఒకేసారి పోరు. కొద్ది నూరో వంతులు మిగిల్చి, వాటిని సానరాళ్లతో రుద్ది తీస్తారు. ఈ పనిని హోనింగు అంటారు. దీనివల్ల గోడ మీద ఒకదాన్నొకటి ఏటవాలుగా ఖండించుకునే సన్నని గీతలు పడతాయి. అద్దంలా నునుపు చేయకుండా గీతలెందుకంటే, ఆయిలు ఆ గీతల్లో నిలిచి రింగులకు అందుతుంది.

రంధ్రం పెరుగుతుంది, కడ్డీ తరుగుతుంది

క్రాంకు షాఫ్టు మెడలు కూడా అరుగుతాయి. అయితే అది రంధ్రం కాదు, కడ్డీ. దాన్ని గుండ్రంగా సానపడితే వ్యాసం తగ్గుతుంది. కాబట్టి అక్కడ ముందుకంటే మందమైన బేరింగు తొడుగులు వేస్తారు. సిలిండరుకు పెద్ద పిస్టను, క్రాంకుకు మందమైన బేరింగు. సూత్రం ఒక్కటే.

మెడకూ బేరింగుకూ నడుమ ఆయిలు పొరకు దాదాపు 0.05 మి.మీ. సందు ఉండాలి. ఎక్కువైతే ఆయిలు కారిపోయి ఒత్తిడి తగ్గుతుంది. తక్కువైతే లోహం లోహాన్ని తాకి కాలిపోతుంది. లోపల దాగిన ఈ సందును కొలిచే ఉపాయం ముచ్చటైనది. మెడ మీద మెత్తని ప్లాస్టిక్ దారం ముక్క పెట్టి బేరింగును పూర్తిగా బిగిస్తారు. మళ్లీ విప్పితే దారం నలిగి వెడల్పై ఉంటుంది. సందు ఇరుకైతే ఎక్కువ వెడల్పు, వదులైతే తక్కువ వెడల్పు. దారంతో పాటు ఇచ్చే కొలబద్ద మీద ఆ వెడల్పును పోల్చి సందు ఎంతో చెబుతారు.

వేడితో లెక్క

పిస్టను అల్యూమినియం మిశ్రమంతో, సిలిండరు పోత ఇనుముతో చేసినవి. వ్యాకోచం పాఠం గుర్తు తెచ్చుకోండి. ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే అల్యూమినియం పది లక్షల్లో 23 వంతులు, ఇనుము 12 వంతులు సాగుతాయి. రెండూ 100 డిగ్రీలు వేడెక్కాయనుకుంటే 101.6 మి.మీ. వ్యాసంలో,

అల్యూమినియం పెరుగుదల: 101.6 × 0.000023 × 100 = 0.23 మి.మీ.
ఇనుము పెరుగుదల: 101.6 × 0.000012 × 100 = 0.12 మి.మీ.

తేడా 0.11 మి.మీ. చల్లగా ఉన్నప్పుడు పిస్టనుకూ గోడకూ మధ్య వదిలే సందు చాలా ఇంజనుల్లో ఇంతకంటే తక్కువ. మరి పిస్టను ఇరుక్కుపోదా?

పోదు. మొదటిది, పిస్టను మిశ్రమంలో సిలికాన్ కలుపుతారు. దానివల్ల వ్యాకోచం తగ్గుతుంది. రెండవది, పిస్టను చూడడానికి గుండ్రంగా ఉన్నా నిజానికి గుండ్రన కాదు. ఎక్కువ వేడెక్కే తలభాగాన్ని కొంచెం సన్నగా, మిగతా భాగాన్ని కొంచెం కోలగా చేస్తారు. వేడెక్కినప్పుడు అది సిలిండరుకు సరిపడే ఆకారానికి వస్తుంది. రింగు కొసల మధ్య కూడా ఖాళీ వదులుతారు. ఈ వ్యాసానికి పై రింగు దగ్గర అది సుమారు 0.4 మి.మీ. ఖాళీ లేకుండా బిగిస్తే వేడికి కొసలు ఢీకొని గోడను గీస్తాయి. రైలు పట్టాల మధ్య ఖాళీ ఎందుకో చదివిన మీకు ఇది కొత్త కాదు.

సీసం వదిలిన పని

1969లో పెట్రోలులో సీసపు సమ్మేళనం కలిసి ఉండేది. ఇంజనులో పెట్రోలు సమయానికి ముందే భగ్గుమని టకటక కొట్టకుండా ఆపే గుణం దానికి ఉందని 1921లో థామస్ మిడ్‌గ్లీ కనుగొన్నాడు. దానికి ఇంకొక ఉపయోగం కూడా ఉంది. పొగ బయటికి పోయే కవాటం ఎర్రగా కాగి, నిమిషానికి వందలసార్లు తన పీట మీద కొట్టుకుంటుంది. సీసపు పొర ఆ రెంటి మధ్య మెత్తలా పనిచేసేది.

కాని అదే సీసం పొగతో గాలిలోకి వచ్చి పిల్లల మెదడుకు హాని చేసింది. రోడ్డు మీద తిరిగే వాహనాలకు సీసం పెట్రోలు వాడకాన్ని అమెరికా 1996లో పూర్తిగా నిషేధించింది. మన దేశం 2000లో మానేసింది. చివరిగా అల్జీరియా 2021లో మానేసింది. సీసం లేని పెట్రోలుతో పాత ఇంజనును గట్టిగా నడిపితే మెత్తని ఇనుప పీట త్వరగా అరుగుతుంది. అందుకని బాగుచేసేటప్పుడే అక్కడ గట్టి ఉక్కు వలయాలు దిగగొడతారు. ఏదీ మార్చకూడదని పట్టుపట్టే పాత కార్ల ప్రియులు కూడా ఈ మార్పును సంతోషంగా ఒప్పుకుంటారు. పైకి కనబడని ఆ చిన్న వలయం వల్లనే పాత కారు సీసం అవసరం లేకుండా నడుస్తుంది.

బిగింపు, తొలికూత

ఈ ఇంజనులో ఒక్కొక్క సిలిండరు హెడ్డుకు 17 బోల్టులు. ఒక్కొక్కదాన్ని 88 న్యూటన్-మీటర్ల బలభ్రామకంతో బిగించాలి. అర మీటరు పొడవున్న రెంచి కొసన మనం వేయవలసిన బలం 88 ÷ 0.5 = 176 న్యూటన్లు. దాదాపు 18 కిలోల బరువు. బోల్టు కూడా ఒక స్ప్రింగే. బిగించినప్పుడు రవంత సాగి, తిరిగి కుంచించుకోవాలని చూస్తూ హెడ్డును అదిమి పట్టుకుంటుంది. అందుకే మధ్య బోల్టుల నుంచి మొదలుపెట్టి కొసలకు పోతూ, రెండు మూడు విడతలుగా బిగిస్తారు. ఒక కొసన మొదలుపెడితే హెడ్డు వంకరపోయే ప్రమాదం ఉంది.

చివరికి ఇంజను మొదటిసారి కూసే సమయం వస్తుంది. వెంటనే స్టార్టు చేయరు. ముందుగా విద్యుత్ డ్రిల్లుతో ఆయిలు పంపును తిప్పి ప్రతి సందుకూ ఆయిలు ఎక్కిస్తారు. తరువాత స్టార్టు చేసి, నిమిషానికి సుమారు 2,000 చుట్ల వేగంతో ఇరవై నిమిషాలు నడుపుతారు. కవాటాలను తెరిచే క్యాము షాఫ్టు, దాన్ని ఆనుకుని కదిలే భాగాలు ఆ సమయంలోనే ఒకదానికొకటి అలవాటు పడతాయి. అప్పుడు క్షణానికి 133 సార్లు సిలిండర్లు మండుతుంటాయి, 1-8-4-3-6-5-7-2 అనే వరుసలో. ఈ పనికి షెడ్డు తలుపులు బార్లా తెరవాలి. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు. మూసిన గదిలో అది ప్రాణం తీస్తుంది.

ఇక తుప్పుపట్టిన కారు శరీరానికి వైద్యమేమిటి? తుప్పు కనబడినంత మేర కోస్తే చాలదు. మంచి రేకు తగిలేదాకా కోసి, అక్కడి నుంచి కొత్త రేకు అతుకుతారు. ఇక్కడా అదే పెన్సిలు న్యాయం!

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రండి. నూరో వంతు ఎవరికి కావాలి? తీసేసిన లోహాన్ని తిరిగి చేర్చలేని ప్రతి పనివాడికీ కావాలి. కోయడానికి నిమిషం చాలు. కోయాలా వద్దా, ఎంత కోయాలి అన్నది కొలతే చెప్పాలి. మీ రికార్డులో 1.24 అని రాసేటప్పుడు ఆ చివరి 4 వెనుక ఇంత పని ఉంది.

చేసి చూడండి

సైకిలు చైను వదులైతే "సాగింది" అంటాం. నిజానికి లోహం సాగదు. చైను లోపలి పిన్నులు, వాటి చుట్టూ ఉండే భాగాలు అరుగుతాయి. కొత్త చైనులో ఒక పిన్ను మధ్య నుంచి పక్క పిన్ను మధ్యకు దూరం 12.7 మి.మీ. ఒక్క పిన్ను దగ్గర అరుగుదల మామూలు కొలబద్దకు అందదు. కాబట్టి చైనును బిగువుగా పట్టి 24 ఖాళీల దూరం ఒకేసారి కొలవండి. కొత్తదైతే 304.8 మి.మీ. ఉండాలి. ఒకటిన్నర మిల్లీమీటరుకు మించి పెరిగితే చైను మార్చే సమయం దగ్గర పడిందన్నమాట.

ఆలోచించండి

1. మీ చైనులో పెరిగిన దూరాన్ని 24తో భాగించండి. ఒక్కొక్క పిన్ను దగ్గర అరుగుదల ఎంత? మీ స్క్రూగేజి కనీసపు కొలతతో పోల్చండి.

2. అరిగిన సిలిండరును తొలవకుండా కొత్త రింగులు మాత్రమే వేస్తే పొగ ఎందుకు తగ్గదు?

3. నాలుగు ఘాతాల ఇంజనులో ఒక్కొక్క సిలిండరు క్రాంకు రెండు చుట్లకు ఒకసారి మండుతుంది. ఎనిమిది సిలిండర్లున్న ఇంజనులో ఎన్ని డిగ్రీలకొకసారి మండుతుంది? నిమిషానికి 4,000 చుట్లు తిరిగితే క్షణానికి ఎన్నిసార్లు?